కంచె తీగ మీద కబురు పంపిన కుర్రాడు: క్లాడ్ షానన్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. గాంధీ గారి గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను ముప్పయి నాలుగేళ్ళు సబ్‌స్టేషన్లలో, క్యారియర్ గదుల్లో రిలేలు, ఫోన్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేసుకుంటూ రిటైరయి, సాలూరులో స్థిరపడినవాణ్ణి. కలం కంటే సోల్డరింగ్ ఐరన్ నా చేతికి అలవాటు. అయితే ఆ వారంలోనే మా మేనల్లుడు ఒక లెక్క పట్టుకుని ఇంటికొచ్చాడు. వీధరుగు మీద కూర్చుని ఆ లెక్క చేస్తూంటే, నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరి తెలివిని వాడుకుని జీతం తీసుకున్నానో ఆ మనిషి గుర్తుకొచ్చాడు. ఆయన పేరు క్లాడ్ షానన్. అమెరికా దేశస్థుడు, 2001లో కాలం చేశాడు. మన పిల్లల చేతుల్లో ఉన్న సెల్‌ఫోను, ఇంట్లో టీవీ, మన పెన్షను పడే బ్యాంకు కంప్యూటరు, ఇవన్నీ ఆయన వేసిన పునాది మీదే నిలబడ్డాయంటే అతిశయోక్తి కాదు.

ముందు మేనల్లుడి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కొండల అవతల ఒక కర్మాగారంలో వాడు ఇనుస్ట్రుమెంటేషన్ ఇంజనీరు. నది దగ్గర పంపు హౌసు, దారిలో రెండు బూస్టరు పంపులు, కొండ మీద నీళ్ళ రిజర్వాయరు, ఈ నాలుగు చోట్ల నుంచి కంట్రోల్ రూముకి ఓ.ఎఫ్.సి. కేబుల్ ఉంది. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు ఏడాదిలో మూడుసార్లు ఆ కేబుల్ తెంపేశారు. అందుకని వైర్‌లెస్ బ్యాకప్ పెట్టాలనుకున్నారు. కేబుల్ 100 మెగాబిట్లది కాబట్టి వైర్‌లెస్ కూడా 100 మెగాబిట్లు ఉండాలని ఒక అమ్మకందారు కొటేషన్ ఇచ్చాడు. అది చూసి వాళ్ళ పై అధికారి కాగితం పక్కన పెట్టేశాడు. మావయ్యా, నిజంగా ఎంత కావాలో ఎలా లెక్క కట్టాలి అని వాడి ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం మొదలుపెట్టినవాడు షానన్.

షానన్ 1916 ఏప్రిల్ 30న మిషిగన్ రాష్ట్రంలో పెటోస్కీలో పుట్టాడు. పెరిగింది దగ్గర్లోనే ఉన్న గేలార్డ్ అనే చిన్న ఊళ్ళో. మన సాలూరుకంటే చాలా చిన్నది. తండ్రి వ్యాపారస్థుడు, కొన్నాళ్ళు అక్కడి వీలునామాల కోర్టులో జడ్జిగా కూడా పనిచేశాడు. తల్లి భాషలు చెప్పే టీచరు, ఆ ఊరి హైస్కూలుకి ప్రిన్సిపాలు. అక్క కేథరిన్ లెక్కల్లో దిట్ట. ఇంట్లో చదువు వాతావరణం, బయట పొలాలు, పొలాల చుట్టూ ముళ్ళకంచె. ఆ కుర్రాడు ఆ ముళ్ళకంచె తీగనే టెలిగ్రాఫ్ లైనుగా వాడుకుని, అర మైలు దూరంలో ఉన్న స్నేహితుడి ఇంటికి కబుర్లు పంపేవాడు. వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ కంపెనీ తరఫున టెలిగ్రాములు పంచే కుర్రాడిగా కూడా పనిచేశాడు. ఎడిసన్ అంటే ప్రాణం. ఆయన తమకి దూరపు చుట్టమని పెద్దయ్యాక తెలిసిందట.

కంచె తీగ విషయం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఎందుకంటే మా శాఖలో మేము చేసిందీ అదే. మాచ్‌ఖండ్ కరెంటు 1955 నుంచి ఈ కొండలు దిగి మన జిల్లాలకి వస్తోంది. కరెంటు మోసే తీగ మీదే మాటను కూడా ఎక్కించి పంపడం క్యారియర్ ఫోను పని. ఎవరి అవసరానికో వేసిన తీగని మాటకి వాడుకోవడం గేలార్డ్ కుర్రాడికీ మాకూ ఒకటే విద్య. కాకపోతే మా తీగ ముట్టుకుంటే బతకరు.

షానన్ 1936లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రెండు డిగ్రీలు తీసుకున్నాడు, ఒకటి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, రెండోది గణితం. అక్కడినుంచి ఎం.ఐ.టి.కి వెళ్ళాడు. అక్కడ వన్నెవార్ బుష్ అనే ఆచార్యుడు కట్టిన ఒక పెద్ద లెక్కల యంత్రం ఉండేది. ఇరుసులు, పళ్ళచక్రాలు, వాటిని నడిపించడానికి వందకు పైగా రిలేలు. ఆ రిలేలు చూసుకోవడం ఈ కుర్రాడి పని. రిలే అంటే కరెంటు వస్తే మూసుకుని, పోతే తెరుచుకునే స్విచ్చి, అంతే. అప్పటిదాకా రిలే సర్క్యూట్లు గీసేవాళ్ళు అనుభవం మీద, చేతివాటం మీద గీసేవారు. జార్జి బూల్ అనే ఆంగ్లేయుడు 19వ శతాబ్దంలో నిజం, అబద్ధం అనే రెండింటితోనే లెక్కలు చెయ్యవచ్చని చూపించాడు. ఆ బీజగణితం షానన్ మిషిగన్‌లో చదివి ఉన్నాడు. రెండింటినీ కలిపాడు. 1937లో ఎం.ఎస్. డిగ్రీ కోసం రాసిన థీసిస్ అది. అప్పటికి వయసు 21.

ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా చెబుతాను. నదిలో నీళ్ళుండాలి, వాల్వు తెరిచి ఉండాలి, అప్పుడే మోటారు తిరగాలి. ఈ రెండు స్విచ్చులూ ఒకదాని వెనక ఒకటి సీరీస్‌లో పెడతాం. పంపు హౌసులో బటన్ నొక్కినా తిరగాలి, కంట్రోల్ రూములో నొక్కినా తిరగాలి. ఈ రెండూ పక్కపక్కన పేరలల్‌లో పెడతాం. మొదటిది ‘మరియు’, రెండోది ‘లేదా’. ఇలా ఎంత పెద్ద సర్క్యూటునైనా కాగితం మీద బీజగణితంలా రాసి, కుదించి, అనవసరమైన రిలేలు తీసేయవచ్చని షానన్ చూపించాడు. 1960ల చివర్లో కార్ల ఫ్యాక్టరీల కోసం పుట్టిన పి.ఎల్.సి. పెట్టెలు, ఈనాడు ఏ కర్మాగారంలో చూసినా కనబడేవి, రిలేల స్థానంలో ఈ లెక్కనే లోపల చేస్తాయి. ఒక విద్యార్థి డిగ్రీ కోసం రాసిన కాగితాల వల్ల ఇంత జరగడం అరుదు.

1940లో డాక్టరేటు వచ్చింది. అదే ఏడు మొదటి పెళ్ళి చేసుకున్నాడు, అది ఏడాదికే విడిపోయింది. దాని గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. 1941లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో చేరాడు. యుద్ధకాలంలో విమానాలని గురిచూసి కొట్టే యంత్రాల మీద, రహస్య సంకేతాల మీద పనిచేశాడు. 1943లో ఇంగ్లండు నుంచి అలెన్ ట్యూరింగ్ అక్కడికి వచ్చినప్పుడు ఇద్దరూ మధ్యాహ్నం టీ దగ్గర కలుసుకునేవారు. ఇద్దరూ రహస్య సంకేతాల పనిలోనే ఉన్నారు, దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. అందుకని ఆలోచించే యంత్రాల గురించి మాట్లాడుకున్నారు.

ఇక అసలు విషయం. 1948లో జూలై, అక్టోబరు నెలల్లో బెల్ సంస్థ సాంకేతిక పత్రికలో రెండు భాగాలుగా షానన్ వ్యాసం వచ్చింది. సమాచారం పంపడానికి ఒక గణిత సిద్ధాంతం. అంతకు ముందు అదే సంస్థలో 1924లో నైక్విస్ట్, 1928లో హార్ట్‌లీ కొంత దారి వేసి ఉన్నారు. షానన్ ఆ దారిని చివరిదాకా తీసుకుపోయాడు. సమాచారాన్ని కొలవవచ్చని, దానికి కొలమానం ఉందని అన్నాడు. అవును, కాదు అనే ఒక్క జవాబు ఒక బిట్టు. ఆ పేరు పెట్టింది జాన్ ట్యూకీ అనే ఆయన సహోద్యోగి అని షానన్ తన వ్యాసంలోనే రాశాడు. ఇతరుల ఘనతని తన పేరు మీద రాసుకునే పై అధికారులని చూసి ఉన్న మనలాంటివాళ్ళకి ఇది గమనించదగ్గ విషయమే.

కొలత ఎలాగంటే, మనకి ముందే తెలిసిపోయే కబురులో సమాచారం తక్కువ, ఊహించని కబురులో ఎక్కువ. రేపు పొద్దున్న సూర్యుడు ఉదయిస్తాడని ఎవరైనా తంతి ఇస్తే అందులో సమాచారం సున్న. మన తంతి ఆఫీసులు 2013 జూలైలో మూతబడేదాకా ఈ సూత్రం మనం తెలియకుండానే వాడాం. పండక్కి, పెళ్ళికి శుభాకాంక్షల వాక్యాలు ముందే అచ్చువేసి వాటికి నెంబర్లు ఉండేవి. మనం నెంబరు రాసేవాళ్ళం, తీగ మీద నెంబరు పోయేది, అవతల పూర్తి వాక్యం చేతికి వచ్చేది. అందరూ పంపే వాక్యమే కాబట్టి దాన్ని అక్షరం అక్షరం మోయనక్కరలేదు. అలాగే పోస్టుకార్డు మీద వానచినుకు పడి నాలుగు అక్షరాలు కొట్టుకుపోయినా ఉత్తరం చదవగలిగేవాళ్ళం. భాషలో ముందుగానే కొంత అదనం ఉంటుంది, దెబ్బ తగిలినా తట్టుకోవడానికి. 1951లో షానన్ దీన్ని కూడా కొలిచాడు. ఒక పుస్తకంలోని వాక్యం తీసుకుని తర్వాతి అక్షరం ఏమిటో ఊహించమని మనుషులని అడిగి, ఎన్నిసార్లు సరిగ్గా చెబుతారో లెక్కపెట్టి, ఇంగ్లీషులో సగానికి పైగా అక్షరాలు ఊహతోనే రాబట్టవచ్చని తేల్చాడు.

ఆయన రెండో మాట ఇంకా పెద్దది. ప్రతి మార్గానికీ, తీగ కానివ్వండి, వైర్‌లెస్ కానివ్వండి, సెకనుకి ఇన్ని బిట్లు అని ఒక పై హద్దు ఉంటుంది. ఆ హద్దుకి లోపల ఉంటే, గోల ఎంత ఉన్నా, తగినట్టు సంకేతాలు కట్టి పంపితే తప్పులు మనం కోరినంత తగ్గించవచ్చు. హద్దు దాటితే ఎంత తెలివి వాడినా కుదరదు. ఆ హద్దు రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి, మనకిచ్చిన పౌనఃపున్యాల పట్టీ వెడల్పు. రెండు, గోలకంటే సంకేతం బలం ఎన్ని రెట్లు ఉంది అన్నది. ఆ రెట్లకి ఒకటి కలపాలి. వచ్చిన సంఖ్య రెండుని ఎన్నిసార్లు గుణిస్తే వస్తుందో చూడాలి. దాన్ని పట్టీ వెడల్పుతో హెచ్చవేయాలి. సాధారణంగా ఇచ్చే వైర్‌లెస్ పట్టీ 12,500 హెర్ట్‌జ్. సంకేతం గోలకి 15 రెట్లు ఉంటే, ఒకటి కలిపితే 16, అంటే రెండుని నాలుగుసార్లు గుణించాలి, హద్దు 50,000 బిట్లు. సంకేతం మూడు రెట్లే ఉంటే 25,000. జోరువానలో చెట్లన్నీ తడిసి సంకేతం బలం గోలతో సమానంగా పడిపోయినా 12,500 బిట్ల హద్దు మిగులుతుంది. అయితే మార్కెట్లో దొరికే మోడెములు ఈ హద్దుకి చాలా కిందనే పనిచేస్తాయి, కాబట్టి సంకేతం అంత పడిపోకుండా మాస్టు ఎత్తు, యాంటెన్నా దిశ చూసుకోవాల్సిందే. హద్దు తెలిస్తే ఎదుటివాడు చెప్పే గొప్పలు ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఈ సిద్ధాంతంలో షానన్ ఒక సంగతి మొదటి పేజీలోనే పక్కన పెట్టాడు. కబురు అర్థం ఏమిటి, దాని విలువ ఎంత అన్నది ఇంజనీరు లెక్కలోకి రాదని చెప్పాడు. ఒక బిట్టు లోడు ఫిగరుదైనా, మనిషి ప్రాణానిదైనా, తీగకి ఒక బిట్టే. ఇది చదివిన మొదటిసారి నేను పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత ఒక రాత్రి జరిగింది చూశాక పట్టించుకున్నాను.

ఆ సంవత్సరం చెప్పను, సబ్‌స్టేషన్ పేరు చెప్పను. ఆ రోజు డ్యూటీలో ఉన్నవారిలో ఒకరిద్దరు ఈ సంచిక చదువుతారు. వానాకాలం. ఘాట్‌లో చెట్టు విరిగి లైను మీద పడింది, ఫీడరు ట్రిప్పయింది. లైనే లేకపోతే లైను మీద నడిచే క్యారియర్ ఫోను కూడా ఉండదు కదా. బ్యాకప్‌గా ఒక వి.హెచ్.ఎఫ్. వైర్‌లెస్ సెట్టు ఉంది. ఒకే ఛానెల్, ఒకరు మాట్లాడితే మిగతా అందరూ వినాల్సిందే. ఒక గ్యాంగు లైన్ క్లియర్ తీసుకుని వెళ్ళింది. సాయంత్రానికి పని ముగించి లైన్ క్లియర్ తిరిగి ఇచ్చేసింది. అయితే మధ్యలో ఇంకో ఆఫీసు వాళ్ళు, లైను ఎలాగూ చచ్చి ఉంది కదా అని, రెండో గ్యాంగుని పై మలుపు దగ్గరికి పంపారు. ఆ సంగతి సబ్‌స్టేషన్ ఆపరేటరుకి తెలియదు. రెండో గ్యాంగు దగ్గర ఒక చేతి సెట్టు ఉంది. మేము ఇంకా స్తంభాల మీద ఉన్నాం అని చెప్పడానికి వాళ్ళు బటన్ నొక్కుతూనే ఉన్నారు. ఛానెల్ ఖాళీ లేదు. ఎన్ని స్తంభాలు పడ్డాయి, సరఫరా ఎప్పుడు వస్తుంది, ఫలానా ఊరికి ఎందుకు లేదు, నిన్నటి లోడెంత అని నాలుగు ఆఫీసుల నుంచి అడుగుతూనే ఉన్నారు. నేను పక్క గదిలో క్యారియర్ సెట్టు విప్పుకుని కూర్చుని ఆ మాటలన్నీ వింటూనే ఉన్నాను. నలభై నిమిషాలు.

లైను ఛార్జి చెయ్యమని పై నుంచి చెప్పేశారు. ఆపరేటరు రిజిస్టరులో టైము రాసుకుంటున్నాడు. అప్పుడు గేటు ముందు ఒక లారీ ఆగింది. సుంకి వైపు నుంచి ఘాట్ దిగి వస్తున్న మన సాలూరు లారీ. ఇంజను ఆపకుండానే డ్రైవరు తల మీద తువ్వాలు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. పై మలుపులో నలుగురు స్తంభాలెక్కి ఉన్నారు, కరెంటు ఇవ్వొద్దని చెప్పమన్నారు అన్నాడు. అతను చెప్పి వెళ్ళిపోయాడు. టీ తాగి వెళ్ళమన్నా ఆగలేదు, సరుకు తడుస్తోందన్నాడు. ఆపరేటరు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. లారీ ఊరు కాబట్టి సరిపోయింది గానీ, ఆ రాత్రి ఆ బండి ఆ దారిన రాకపోతే నలుగురి ఇళ్ళల్లో ఏం జరిగేదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

తర్వాత విచారణలో ఛానెల్ చాలలేదు, ఇంకో సెట్టు కావాలని రాశారు. నేను మాత్రం డైరీలో ఒక లెక్క వేసుకున్నాను. గ్యాంగు చెప్పాల్సింది ఒక్క బిట్టు. మీద ఉన్నాం, దిగిపోయాం, రెండిట్లో ఒకటి. ఛానెల్ దానికి లక్ష రెట్లకు పైగా మాటలు మోసింది ఆ నలభై నిమిషాల్లో. ఇంకో సెట్టు ఇచ్చినా అదీ నిండేది. ఎవరి మాట ముందు పోవాలో మేము ఎన్నడూ రాసిపెట్టుకోలేదు. అది షానన్ చెయ్యాల్సిన పని కాదు, మేము చెయ్యాల్సింది.

మేనల్లుడికి ఈ కథ చెప్పి, ఇద్దరం కాగితం తీసుకున్నాం. కేబుల్ మీద నిజంగా ఎంత పోతోందో ముందే కొలిచి తెమ్మన్నాను. తెచ్చాడు. అత్యధికం 9 మెగాబిట్లు. అందులో 8 మెగాబిట్లు నాలుగు కెమెరాలవే, ఒక్కొక్కటి 2 చొప్పున. మిగిలిన దానిలో చాలా భాగం కంప్యూటర్లు ఒకదాన్నొకటి పలకరించుకోవడం. కేబుల్ తెగిన గంటల్లో నది దగ్గర కాపలావాడి బొమ్మ కదలడం చూడకపోతే వచ్చే నష్టం లేదు. కెమెరాలు తీసేశాం. ఇక పంపులు నడవడానికి కావలసింది ఎంత? ఒక్కో స్టేషనులో అవును, కాదు అనే సంకేతాలు 96, అంటే 12 బైట్లు. నీటిమట్టం, ఒత్తిడి, ఆంపియర్లు లాంటి కొలతలు 24, ఒక్కొక్కటి రెండు బైట్లు, అంటే 48. మొత్తం 60. పిలిచే మాట, చిరునామా, తప్పు పట్టే అంకెలు ఇలాంటివాటికి ఇంకో 60 వేశాం. స్టేషనుకి 120 బైట్లు, నాలుగింటికి 480. బైటుకి ముందూ వెనకా ఒక్కో బిట్టు కలిసి పది బిట్లు, కాబట్టి 4,800 బిట్లు. సెకనుకి 9,600 బిట్లు పోయే పాతకాలపు రేడియో మోడెము మీద ఇది అర సెకను.

ఇక్కడే కుర్రవాళ్ళు పొరపాటు పడతారు. వైర్‌లెస్ సెట్టు వినడం ఆపి మాట్లాడటం మొదలుపెట్టడానికి కొంత సమయం తీసుకుంటుంది. 30 మిల్లీసెకన్లు అనుకుందాం. స్టేషనుకి రెండు చొప్పున ఎనిమిది మార్పులు, సుమారు పావు సెకను. ఎంత పెద్ద బ్యాండ్‌విడ్త్ కొన్నా ఈ పావు సెకను అలాగే ఉంటుంది. మొత్తం ముప్పావు సెకను. పంపులకి రెండు సెకన్లకొకసారి కొలత వస్తే చాలు. అంటే ప్రతి పిలుపూ ఒకసారి చెడిపోయి మళ్ళీ పిలవాల్సి వచ్చినా ఒకటిన్నర సెకనులో చుట్టు పూర్తవుతుంది, ఇంకా అర సెకను మిగులుతుంది. ఆ మిగిలిన దాంట్లోనే మోటారు ఆపు, వాల్వు మూయి అనే ఆజ్ఞలు పోవాలి. అవి క్యూలో నిలబడకుండా ముందు పోయేలా రాయమన్నాను. 9,600 సరిపోతుంది, కొంచెం ధారాళంగా ఉండాలంటే 19,200 తీసుకోమన్నాను. 100 మెగాబిట్లలో ఇది ఐదువేలో వంతు కూడా కాదు. వాడు కాసేపు నా మొహం చూసి, లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాడు. వెయ్యాలి కూడా.

సెల్‌ఫోను కంపెనీ సిమ్ పెడితే పోదా అని కూడా అడిగాడు. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, సెల్‌ఫోన్లు రెండూ కలిసి పోయిన సంగతి మనకందరికీ గుర్తే. మొదటి దారి పోయిన రోజే పోయే దారిని రెండో దారి అనుకోకూడదు.

మళ్ళీ షానన్ దగ్గరికి వస్తాను. ఇంత పేరొచ్చాక ఆ మనిషి సభలకి, సన్మానాలకి తిరగలేదు. 1949లో బెటీ మూర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ కూడా బెల్ ప్రయోగశాలలోనే లెక్కలు చేసే ఉద్యోగి. ముగ్గురు పిల్లలు. 1950లో రిలేలతో ఒక ఎలుక బొమ్మ చేశాడు, పేరు థీసియస్. 25 గళ్ళ చిక్కుదారిలో అది తడుముకుంటూ దారి వెతుక్కునేది, రెండోసారి వదిలితే తిన్నగా పోయేది. దారి గుర్తుపెట్టుకునేది ఎలుక కాదు, కిందనున్న రిలేలు. 1956లో ఎం.ఐ.టి.కి వెళ్ళి, 1978లో రిటైరయ్యేదాకా అక్కడే ప్రొఫెసరుగా ఉన్నాడు. ఒంటిచక్రం సైకిలు తొక్కేవాడు, బంతులు ఎగరేసి పట్టేవాడు, బంతులు ఎగరేయడం మీద గణితం కూడా రాశాడు. స్విచ్చి వేస్తే పెట్టెలోంచి చెయ్యి బయటికొచ్చి ఆ స్విచ్చిని ఆపేసి లోపలికి పోయే పెట్టె ఒకటి ఆయన బల్ల మీద ఉండేది. 1966లో అమెరికా ప్రభుత్వం జాతీయ విజ్ఞాన పతకం ఇచ్చింది. 1985లో జపాను వారి క్యోటో బహుమతి వచ్చింది.

అదే 1985లో ఇంగ్లండులో బ్రైటన్‌లో ఆయన సిద్ధాంతం మీదే జరుగుతున్న మహాసభకి చెప్పాపెట్టకుండా వెళ్ళాడు. నెరిసిన జుట్టుతో ఎవరో పెద్దాయన హాలులో తిరుగుతున్నాడనుకున్నారు. ఆయనే షానన్ అని తెలిశాక గుసగుసలు మొదలయ్యాయి. విందులో మాట్లాడమంటే నాలుగు మాటలు మాట్లాడి, వినేవాళ్ళకి విసుగు పుడుతుందేమోనని జేబులోంచి మూడు బంతులు తీసి ఎగరేశాడు. జనం లేచి చప్పట్లు కొట్టి, సంతకాల కోసం వరస కట్టారు.

ఇక రాయడానికి చేతులు రాని భాగం ఒకటుంది. ఆయనకి అల్జీమర్స్ వ్యాధి వచ్చింది. మతిమరుపుగా మొదలై, తెలిసిన దారులు, మొహాలు, చివరికి తాను చేసిన పని, అన్నీ ఒక్కొక్కటే తుడిచిపెట్టుకుపోయాయి. ఇంట్లో చూసుకోవడం సాధ్యంకాక, ఆఖరి ఏళ్ళు సంరక్షణ గృహంలో ఉంచాల్సి వచ్చింది. బెటీ ఆయన్ని విడిచిపెట్టలేదు. 2000 సంవత్సరంలో గేలార్డ్‌లో ఆయన విగ్రహం పెట్టారు. ఆయన రాగలిగే స్థితిలో లేడు. 2001 ఫిబ్రవరి 24న మాసచూసెట్స్ రాష్ట్రంలో మెడ్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. వయసు 84. అప్పటికి ప్రపంచమంతా ఇంటర్నెట్టు, సెల్‌ఫోన్లు పరుచుకుంటున్నాయి. అదంతా తన లెక్క మీదే నడుస్తోందని ఆయనకి తెలియదు. బెటీ 2017 దాకా బతికింది.

మన సభ్యుల్లోనూ కొందరి ఇళ్ళల్లో ఈ జబ్బు ఉంది. పేర్లు రాయను. గత ఏడాది ఒక మిత్రుణ్ణి చూడటానికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళు పక్క పక్క గదుల్లో పనిచేశాం. నన్ను గుర్తుపట్టలేదు. వాళ్ళావిడ వంటింట్లోంచి మా పాత వైర్‌లెస్ స్టేషను పేరు రెండుసార్లు గట్టిగా పలికింది. ఆయన వెంటనే నిటారుగా కూర్చుని, వింటున్నాను చెప్పండి అన్నాడు. ఆవిడకి అది అలవాటేనట. మాత్ర వేసుకునే వేళకి అలాగే పిలుస్తుంది.

మేనల్లుడి రేడియోలు వానల ముందే వచ్చాయి. ఎండలో అద్దం మెరిపించి నాలుగు స్టేషన్లకీ కంట్రోల్ రూము కప్పు కనబడుతోందో లేదో చూడమన్నాను. కనబడిందన్నాడు. లైసెన్సు కాగితాలకి మాత్రం మాస్టు ఎత్తడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది. మొన్న ఆదివారం కావాలనే కేబుల్ పీకి పరీక్ష చేశారట. చుట్టు ముప్పావు సెకనుకి కాస్త ఎక్కువగా తిరిగిందని ఫోను చేశాడు. ఆ 96 సంకేతాల పట్టికలో మొట్టమొదటి దానికి ఎదురుగా వాళ్ళ దగ్గర ఏ స్విచ్చీ లేదట, ఇది దేనికి మావయ్యా అని ముందే అడిగాడు. పంపు హౌసు తలుపు పక్కన తాళంచెవితో తిప్పే స్విచ్చి ఒకటి కొత్తగా పెట్టించమన్నాను. మనిషి లోపల పనిలో ఉంటే తిప్పాలి, బయటికొచ్చాక మళ్ళీ తిప్పి తాళంచెవి జేబులో వేసుకోవాలి. పెట్టించారట.